పాత కళాఖండం పక్కన కొత్తది: జత ఎలా కుదురుతుంది, ఎక్కడ బెడిసికొడుతుంది

మీరు అడిగింది ఇదీ: మ్యూజియంలో ఉన్నదంతా దాదాపు పాత సేకరణే. సూక్ష్మచిత్రాలు (చేతిలో పట్టేంత చిన్న బొమ్మలు), కంచు విగ్రహాలు, నేత బట్టలు, కొన్ని రాతి శిల్పాలు. ఈమధ్య ఒక దాత నుంచి ముప్పై దాకా సమకాలీన కళాకృతులు వచ్చాయి: పెద్ద కాన్వాసులు, ఫోటోలు, రెండు వీడియోలు, కొన్ని ఇన్‌స్టలేషన్లు (రకరకాల వస్తువులను గదిలో అమర్చి చేసే కళాకృతులు). వీటిని విడి గదిలో కాకుండా పాతవాటితో కలిపి చూపించమని పైనుంచి మాట వచ్చింది. దేని పక్కన ఏది పెట్టాలి, ఎలా పెట్టాలి, ఎక్కడ చెడుతుంది?

ముందే ఒక మాట. ముప్పై కళాకృతులకు ముప్పై జతలు కుదరవు. గట్టివి ఐదో ఆరో దొరికితే చాలా ఎక్కువ. మిగతావి విడి గదిలో వాటి మానాన అవి ఉంటే నష్టమేమీ లేదు. ఇంకోటి, జత సగమే కాగితం మీద తేలుతుంది. మిగతా సగాన్ని గదిలోని వెలుతురు, దూరం, జనం నడిచే దారి తేలుస్తాయి. చాలాచోట్ల మొదటి సగం మీద నెలల తరబడి మీటింగులు నడిపి, రెండోదాన్ని ప్రారంభోత్సవానికి ముందు వారంలో హడావుడిగా కానిచ్చేస్తారు. ఫలితం కూడా అలాగే ఉంటుంది.

ఎంపికలో అందరూ పడే గుంత పైపై పోలిక. గుండ్రటి మండలం పక్కన గుండ్రటి నైరూప్య చిత్రం, గళ్ల నేత పక్కన గళ్ల కాన్వాసు. మ్యూజియం స్టోరులోని వస్తువుల ఫోటోలు కంప్యూటర్‌లో తిరగేస్తూ వెతికితే ఇవే తగులుతాయి. ఎందుకంటే తెర మీద అన్నీ ఒకే సైజులో ఉంటాయి. బరువు, పదార్థం, వాడుక ఏవీ కనబడవు. చూసినవాళ్లు 'ఒకేలా ఉన్నాయే' అనుకుని కదిలిపోతారు. 1984లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం మోమాలో జరిగిన 'ప్రిమిటివిజం' ప్రదర్శన ఆఫ్రికా, ఓషియానియా, ఉత్తర అమెరికా తెగల వస్తువులను పికాసో వంటి ఆధునికుల కళాకృతుల పక్కన పెట్టి రూపసామ్యం చూపింది. ఆ వస్తువులను ఎవరు, ఎప్పుడు, దేనికోసం చేశారన్నది పక్కకు పోయి, అవి ఆధునికుల గొప్పకు సాక్ష్యాలుగా మిగిలాయన్న విమర్శ అప్పుడే గట్టిగా వచ్చింది. 2000లో లండన్‌లో టేట్ మోడర్న్ మ్యూజియం తెరిచినప్పుడు చిత్రకారుడు మోనే గీసిన కలువల కొలను దగ్గరే, సమకాలీన కళాకారుడు రిచర్డ్ లాంగ్ బురదతో గోడ మీద చేసిన పనిని చూపారు. 'రెండూ ప్రకృతే కదా' అన్నంత వదులైన లంకె అది.

దీనికి విరుగుడుగా ప్రతి జతకూ ఒక వాక్యం రాసి చూడండి: 'ఈ రెండింటికీ ఎదురైన చిక్కు ఒకటే, పాతది ఇలా తేల్చుకుంది, కొత్తది ఇలా.' ఆ చిక్కు కంటికి కనబడేదై ఉండాలి. ఖాళీలో 'జ్ఞాపకం', 'కాలం', 'అస్తిత్వం' లాంటి మాట వచ్చి కూర్చుందంటే జత ఇంకా పుట్టలేదని అర్థం. 'గుంపులో ఒక్క మనిషిని వేరుగా చూపడం ఎలా', 'జరిగిన కథంతా ఒకే చట్రంలో ఇమిడ్చేదెలా' లాంటివి వస్తే పని మొదలుపెట్టవచ్చు. చాలా సూక్ష్మచిత్రాల్లో ఒకే పాత్ర ఒకే బొమ్మలో రెండు మూడు చోట్ల కనిపిస్తుంది: ఒక మూల బయల్దేరుతూ, నడుమ యుద్ధం చేస్తూ, పైన తిరిగొస్తూ. మీ వీడియోల్లో ఒకటి లూప్‌లో ఒకే చర్యను మళ్లీ మళ్లీ చూపేదైతే, ఆ రెండూ చూడ్డానికి ఏమాత్రం పోలకపోయినా జత నిలుస్తుంది. వియన్నా కున్స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియం 2018లో 'ద షేప్ ఆఫ్ టైమ్' ప్రదర్శనలో ఇలాంటి సాహసమే చేసింది: పాతకాలపు ఇటలీ శిల్పి తుల్లియో లొంబార్దో చెక్కిన యువ జంట పాలరాతి శిల్పానికి సమకాలీన కళాకారుడు ఫెలిక్స్ గొంజాలెజ్-టోరెస్ 'పర్ఫెక్ట్ లవర్స్' తోడు. ఆ రెండోది గోడకు ఆనుకుని ఒకదాన్నొకటి తాకుతున్న రెండు మామూలు గడియారాలు. ఒకే సమయానికి పెట్టి వదిలేస్తే మెల్లగా తేడా పడిపోతాయి. ఆ సంగతి తెలిశాక పాలరాతి జంటను చూసే చూపు మారిపోతుంది.

వాక్యం కుదిరాక ఇంకో పరీక్ష. పాత వస్తువును తీసి, స్టోరులో ఉన్న అదే రకం మరో వస్తువును ఊహలో అక్కడ పెట్టండి. వాక్యం చెక్కుచెదరకపోతే, మీరు ఎంచింది ఆ వస్తువును కాదు, ఆ కోవను. అలాంటి జతలో పాతది కొత్తదానికి వెనక తెర అవుతుంది. కొత్తదాన్ని మార్చి చూసినా ఇదే లెక్క.

కొత్తది పాతదాన్నే నేరుగా అనుకరించే ఉటంకింపు జతలు కుదర్చడం సులువు, నిలబెట్టడం కష్టం. అమెరికన్ చిత్రకారుడు కెహిండే వైలీ 2005లో గీసిన 'నెపోలియన్ లీడింగ్ ది ఆర్మీ ఓవర్ ది ఆల్ప్స్'ను, దానికి మూలమైన, ఫ్రెంచి చిత్రకారుడు దావీద్ గీసిన నెపోలియన్ చిత్రపు ప్రతుల్లో ఫ్రాన్స్‌లోని మాల్మేజోన్‌లో ఉన్నదాన్ని 2020లో బ్రూక్లిన్ మ్యూజియంలో కలిపి చూపారు. ఇలాంటి చోట ప్రేక్షకులు తేడాలు కనిపెట్టే ఆటలో పడిపోతారు. అది తప్పేం కాదు గానీ, ఆట ముగిశాక ఏముందన్నది ముందే ఆలోచించుకోవాలి. మూలచిత్రాన్ని ఎవరు గీయించుకున్నారు, ఎక్కడ వేలాడింది, ఎన్ని ప్రతులు తయారయ్యాయి అన్న సమాచారం పక్కన ఉంటే చూపు మళ్లీ పాతదాని వైపు తిరుగుతుంది.

నా దృష్టిలో అన్నిటికంటే బలమైన జతలు కంటితో దొరకవు, వస్తువులు మ్యూజియంలోకి వచ్చిన వివరాలు రాసే రిజిస్టర్‌లో దొరుకుతాయి. కళాకారుడు ఫ్రెడ్ విల్సన్ 1992లో బాల్టిమోర్‌లోని మేరీల్యాండ్ హిస్టారికల్ సొసైటీలో చేసిన 'మైనింగ్ ద మ్యూజియం' దీనికి పాఠ్యపుస్తకం లాంటిది. ఒకే షోకేసులో ఉబ్బెత్తు పనితో మెరిసే వెండి పాత్రలు, వాటి నడుమ బానిసలకు వేసిన ఇనుప సంకెళ్లు. లేబుల్ మీద 'లోహపు పని, 1793–1880' అని మాత్రమే. ఆ రెండూ సంస్థ సేకరణలోనివే. పక్కపక్కన పెట్టడమే కొత్త. వ్యాఖ్యానం లేదు, విడి లైటు లేదు, విడి పీఠం లేదు. ఒకే అరలో, ఒకే వర్గం పేరు కింద పెట్టడంతోనే పని జరిగిపోయింది. కాబట్టి మీ పాత వస్తువుల దాఖలా రిజిస్టర్ తెరిచి నాలుగు విషయాలు రాసుకోండి: ఎవరు ఇచ్చారు, ఎక్కడి నుంచి వచ్చింది, మ్యూజియంలోకి రాకముందు దేనికి వాడారు, ఎప్పుడెప్పుడు మరమ్మతు చేశారు. తర్వాత వస్తువు వెనక, అడుగున చూడండి. ఊరేగింపు కంచు విగ్రహం పీఠానికి మోతకర్రల కోసం రంధ్రాలో రింగులో ఉంటాయి. 'మోయడం' మీద నడిచే ఇన్‌స్టలేషన్ పక్కన ఆ విగ్రహాన్ని పెడుతూ రంధ్రాలను పీఠంలోకి దింపేస్తే జత అక్కడే చచ్చిపోయింది.

ఇక గది. పక్కపక్కన వేలాడదీస్తే గ్రూపు ఫోటోలో నిలబెట్టినట్టు రెండూ ప్రేక్షకుణ్ని చూస్తాయి, ఒకదాన్నొకటి చూడవు. పోల్చి చూడాల్సిన జతకు మాత్రమే ఇది పనికొస్తుంది. ఎదురెదురు గోడల మీద పెడితే మనిషి మధ్యలో నిలబడి తల తిప్పాలి, ఒకటి ఎప్పుడూ వెనకే ఉంటుంది. ఢీ అంటే ఢీ అనే జతలకు అది బాగుంటుంది. మూలలో లంబకోణంగా పెడితే ఒకదాన్ని చూస్తుంటే రెండోది కంటి కొసన తగులుతూ ఉంటుంది. నిశ్శబ్దమైన జతలకు నేను దీన్నే ముందు సూచిస్తాను. నాలుగోది, తలుపుగుండా కనబడే వరస: ఈ గదిలో ఒకటి, తలుపులోంచి దూరంగా కనిపించే రెండోది. మధ్యలో నడక ఉంటుంది కాబట్టి వందల ఏళ్ల అంతరాన్ని ఎవరూ చెప్పకుండానే కాళ్లకు తెలుస్తుంది. ఏది ముందు కనబడుతుందన్నది కూడా చిన్న విషయం కాదు. కొత్తది ముందు కనబడితే పాతది 'మూలం' అయిపోతుంది. పాతది ముందు కనబడితే కొత్తది 'జవాబు' అవుతుంది. రెండో వరసే మేలు అని నా అభిప్రాయం, ముఖ్యంగా సైజులో కొత్తది పెద్దదైనప్పుడు.

సైజు గొడవే అసలు గొడవ. మోమా 2019లో మళ్లీ తెరిచినప్పుడు పికాసో 'లె డెమొయిజెల్ దావిన్యోన్' గదిలో అమెరికన్ చిత్రకారిణి ఫెయిత్ రింగోల్డ్ 1967 నాటి 'డై' పెట్టారు. మొదటిది సుమారు 244×234 సెంటీమీటర్లు, రెండోది 183×366. ఇతివృత్తం సంగతి అలా ఉంచితే, రెండింటినీ ఒకే దూరం నుంచి చూడవచ్చు, అందుకే గదిలో కుదిరింది. మీ సూక్ష్మచిత్రం 20×14 సెంటీమీటర్లు ఉంటే దాన్ని 30–40 సెంటీమీటర్ల నుంచి చూడాలి. మూడు మీటర్ల కాన్వాసును చూడాలంటే కనీసం అంత దూరం వెనక్కి జరగాలి. పక్కపక్కన పెట్టారా, వెనక్కి జరిగిన మనిషికి సూక్ష్మచిత్రం తపాలా బిళ్లంత కూడా ఆనదు. ఇలా చేయండి: సూక్ష్మచిత్రాన్ని గోడ మీద కాక బల్ల షోకేసులో, కాన్వాసుకు మూడు మీటర్ల ముందు, 85–90 సెంటీమీటర్ల ఎత్తున, ప్రేక్షకుడి వైపు 15–20 డిగ్రీలు వాల్చి పెట్టండి. వంగి చూసినవాళ్లు తలెత్తగానే కాన్వాసు కనబడుతుంది. దీన్లో ఒక చిక్కుంది. కాన్వాసు మీదికి వేసిన స్పాట్‌లైట్లు షోకేసు అద్దంలో తేలుతాయి. మామూలు అద్దం దాదాపు 8 శాతం వెలుతురును తిప్పికొడుతుంది; ప్రతిబింబం తగ్గించే పూత ఉన్నది 1 శాతం లోపే. డబ్బు ఒక్కచోటే పెట్టగలిగితే ఈ అద్దం మీదే పెట్టండి.

బంగారం పని ఉన్న సూక్ష్మచిత్రమైతే ఇంకాస్త శ్రద్ధ కావాలి. బంగారాన్ని మెరుగుపెట్టి, కొన్నిచోట్ల సూదిమొనతో సన్నటి గుంతలు పొడిచి ఉంటారు. ఆ మెరుపు తల కదిపితేనే పలుకుతుంది. ఎదురుగా నిటారుగా, అంతటా సమానంగా పరిచిన కాంతిలో అది గోధుమ రంగు మరకలా చచ్చుగా ఉంటుంది. పక్కనుంచి ఏటవాలుగా ఒక సన్నటి కిరణం, లక్స్ (వస్తువు మీద పడే వెలుతురు కొలత) పెంచకుండా, పడేలా చూడండి. దాని జోడు రేకులతోనో మెరిసే ప్లాస్టిక్‌తోనో చేసిన కొత్త కళాకృతి అయితే ఈ ఒక్క సర్దుబాటుతోనే వివరణ అవసరం సగం తగ్గిపోతుంది.

వెలుతురు లెక్క చూద్దాం. కాగితం, బట్ట, సూక్ష్మచిత్రాలకు 50 లక్స్, తైలవర్ణాలకు 150–200, రాయి, లోహానికి అంత పట్టింపు లేదు. కానీ 50 లక్స్ అంటే అనుమతి పత్రం కాదు, మోతాదు కూడా లెక్కే. త్వరగా వెలిసే రంగులకు అంతర్జాతీయ మార్గదర్శకాల్లో ఏడాదికి 15,000 లక్స్-గంటల (లక్స్‌ను వెలిగించిన గంటలతో హెచ్చవేస్తే వచ్చేది) పరిమితి ఉంది. 50 లక్స్ దగ్గర రోజుకు 8 గంటలు వెలిగిస్తే 400. అంటే 37 రోజుల్లో ఏడాది కోటా అయిపోయింది. మూడు నెలలు చూపిస్తే 36,000 లక్స్-గంటలు, అంటే దాదాపు రెండున్నరేళ్ల వాటా. అందుకే అలాంటి పాత చిత్రంతో 'శాశ్వత' జత ఉండదు. కొత్తదాన్ని అక్కడే ఉంచి, పాతవాటిలో అదే వాక్యానికి నిలబడే మూడు నాలుగు చిత్రాలను వంతులవారీగా మార్చుకోవాలి. అవి దొరక్కపోతే జత గడువు మూడు నెలలే అని ముందే ఒప్పుకోండి. కొత్తవన్నీ గట్టివనుకోకండి. రంగు ఫోటో ప్రింట్లు, ఇంక్‌జెట్, స్కెచ్‌పెన్ సిరాలు కొన్ని పాత నీలిమందు కంటే త్వరగా వెలిసిపోతాయి.

వీడియో తెరది ఇంకో తంటా. 50 లక్స్‌లో తెల్ల కాగితం మన కంటికి దాదాపు 13 నిట్స్ (ఉపరితలం నుంచి కంటికి వచ్చే వెలుగు కొలత) ప్రకాశంతో కనిపిస్తుంది. దుకాణం సెట్టింగులో ఉన్న తెర 300 నిట్స్ కొడుతుంది. ఇరవై రెట్లకు పైగా తేడా! కన్ను తెరకు అలవాటుపడి పక్కనున్న చిత్రాన్ని చీకట్లోకి నెట్టేస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు 'లైటు పెంచండి' అంటారు, పెంచేస్తారు, చిత్రం వెలిసిపోతుంది. పెంచాల్సింది కాదు, తగ్గించాల్సింది: తెరను 40–60 నిట్స్‌కు దించండి, చిత్రంతో ఒకే చూపులో పడకుండా కోణం తిప్పండి, ఈ మార్పు కళాకారుడికి సమ్మతమేనా ముందే అడగండి. కొందరు ఒప్పుకోరు. అప్పుడు ఆ వీడియోకు జోడుగా రాతి శిల్పమో కంచో చూసుకోవాలి, వాటికి కాంతి పెంచినా ఇబ్బంది లేదు.

గాలి గురించి కన్జర్వేటర్‌తో (వస్తువులను చెడకుండా కాపాడే నిపుణుడితో) మాట్లాడకుండా ఒక్క ఇన్‌స్టలేషన్‌నూ పాత వస్తువున్న గదిలోకి రానివ్వకండి. నీళ్లు, తడి మట్టి, మొక్కలు, తినే పదార్థాలు, శుద్ధి చేయని కర్ర, గడ్డి, ఉన్ని ఉంటే తేమా పురుగులూ వెంట వస్తాయి. సేంద్రియ పదార్థాలకు 40–60 శాతం తేమ, రోజులో పది శాతానికి మించని హెచ్చుతగ్గులు చాలాచోట్ల ఆమోదించే హద్దు. చెక్క మీద గీసినవాటికి ఇంకా బిగువుగా ఉంచాలి. పురుగు అనుమానం ఉంటే గాలి చొరని సంచిలో చుట్టి మైనస్ 30 డిగ్రీల్లో మూడు రోజులు, లేదా మైనస్ 18లో రెండు వారాలు ఉంచడం మామూలు. అక్రిలిక్ రంగులున్న దేన్నీ మాత్రం ఫ్రీజర్‌లో పెట్టకూడదు, చలికి ఆ పొర పెళుసై పగులుతుంది. వాటికి ఆక్సిజన్ తీసేసే పద్ధతి వాడతారు.

ఒకే షోకేసులో పాతా కొత్తా పెట్టాలన్న ఊహ అందంగా ఉంటుంది, ప్రమాదం కూడా అక్కడే ఎక్కువ. పీవీసీ, రబ్బరు, పాలీయూరిథేన్ నురుగు, ఎండీఎఫ్ (కర్ర పొడితో చేసే పలక), కొన్ని జిగుర్లు ఆవిర్లు వదులుతాయి. మూసిన షోకేసులో అవి పేరుకుని వెండిని నల్లబరుస్తాయి, సీసాన్ని తెల్లటి పొడిగా మారుస్తాయి, కంచుకు చిలుము పట్టిస్తాయి. ఆడీ పరీక్ష ఇందుకే: పదార్థపు ముక్కతో పాటు వెండి, రాగి, సీసం రేకులను మూసిన గాజు పాత్రలో తడిగాలితో 60 డిగ్రీల దగ్గర 28 రోజులు ఉంచి చూస్తారు. రేకులు గట్టిగా మారితే ఆ పదార్థం షోకేసులోకి రాకూడదు; స్వల్పంగా మారితే కొద్దికాలపు ప్రదర్శనకే సరి. 28 రోజులు పడుతుంది కాబట్టి జత ఖాయమైన రోజే నమూనా పంపండి. గోడకు కొత్త రంగు వేస్తే మూడు నాలుగు వారాలు ఆరనిచ్చాకే వస్తువులు తేవాలి.

శబ్దం, కంపనం. బాస్ ఎక్కువున్న స్పీకరు గాజు అర మీది చిన్న వస్తువులను రోజుకు కొంచెం కొంచెం జరుపుతుంది. సుద్ద, బొగ్గు చిత్రాల పొడి రాలుతుంది. స్పీకరును గోడకూ షోకేసు నేలకూ తగలకుండా వేలాడదీసి, వస్తువు అంచు దగ్గర పెన్సిల్ గీత పెట్టిన కాగితం ఉంచి వారం చూడండి. గీత దాటితే స్పీకరు చోటు మార్చాల్సిందే.

ముట్టుకోనిచ్చే కళాకృతి ఉందా? దాన్ని రాతి శిల్పం ఉన్న గదిలో పెట్టొద్దు. ఇక్కడ ముట్టుకోవచ్చని నేర్చుకున్న చెయ్యి మూడడుగుల అవతల ఆగదు. బోర్డులు పనిచేయవు. నేల రంగు మార్పో తలుపో మధ్యలో ఉండాలి. అలాగే పూజలందుకున్న విగ్రహాల దగ్గర ఏం పెడుతున్నారో ఆ సంప్రదాయం వాళ్లతో ముందే మాట్లాడండి. దారి మళ్లించాలా, ఎత్తు మార్చాలా, అసలు ఆ జతే వద్దా అన్నది వాళ్ల మాట విన్నాక తేలుతుంది. పత్రికల్లో వచ్చాక మాట్లాడటం కంటే ఇది చవక.

హక్కుల విషయం క్లుప్తంగా. వస్తువు మీ సొంతమైనా కళాకారుడి నైతిక హక్కులు అతనివే. తన పనిని కించపరిచేలా చూపారని అభ్యంతరం చెప్పే వీలు చాలా దేశాల చట్టాల్లో ఉంది. దేని పక్కన పెడుతున్నారు, రెండింటి ఫోటో కలిపి పోస్టర్‌లో వాడతారా, ఒకవైపు కత్తిరిస్తారా అన్నవి రాతపూర్వకంగా అడగండి. కళాకారుడి అమరిక సూచనలు దాత కాగితాల్లో ఉన్నాయేమో చూడండి. లేకపోతే ఇప్పుడే రాయించుకోండి. మీ వీడియో ఎన్ని నిట్స్‌లో ఆడాలో చెప్పేది ఆ కాగితమే.

కళాకారుణ్నే పిలిచి మీ సేకరణకు స్పందించమనడం మరో దారి. ముంబై భావు దాజీ లాడ్ మ్యూజియంలో 2010లో సుదర్శన్ శెట్టి, 2011లో జితీష్ కల్లట్ అలాగే చేశారు. అప్పుడు జత కుదర్చడం మీ పని కాదు, స్టోరు తలుపు తెరవడం, కన్జర్వేటర్‌ను పక్కన కూర్చోబెట్టడం మీ పని.

లేబుళ్లకు వద్దాం. ఒక్కో వస్తువుకు మామూలు లేబుల్ విడిగా ఉండాలి, పాతదానికి కూడా పూర్తిగా: చేసినవాళ్లు (తెలియకపోతే వర్క్‌షాపు, ప్రాంతం), కాలం, పదార్థం, వాడుక. దానికి తోడు జత గురించి ఒక్క ముక్క, 60 మాటలకు మించకుండా, అక్షరాలు 24 పాయింట్లకు తగ్గకుండా. ఆ ముక్కలో కంటితో సరిచూసుకోగలిగింది ఒకటి చెప్పండి: 'ఎడమ మూలన ఎర్ర పాగా మనిషి ఈ బొమ్మలో మూడుసార్లు కనిపిస్తాడు' అంటే జనం వెతుకుతారు. 'ఈ రెండు కళాకృతులు శతాబ్దాల మీదుగా సంభాషిస్తాయి' అంటే ఎవరూ తల కూడా ఎత్తరు. 2001లో ప్రచురితమైన మెట్రోపాలిటన్ మ్యూజియం పరిశీలనలో ఒక్కో చిత్రం ముందు జనం నిలబడిన సగటు సమయం 27 సెకన్లు, మధ్యస్థం 17 (అంటే సగం సందర్భాల్లో అంతకంటే ఎక్కువ నిలబడలేదు). మీ జతకు దొరికేది కూడా ఇంచుమించు అంతే అనుకుని రాయండి.

చివరిగా, ఖర్చు పెట్టకముందు నమూనా కట్టండి. అట్టముక్కలను అసలు సైజులో కత్తిరించి, ఫోటో ప్రింట్లు అతికించి, అనుకున్న చోట అనుకున్న ఎత్తులో (బొమ్మ నడిమి గీత నేల నుంచి 145–155 సెంటీమీటర్ల మధ్య) వారం ఉంచండి. గార్డులను అడగండి, జనం ఎక్కడ ఆగుతున్నారో వాళ్లకంటే బాగా ఎవరికీ తెలియదు. తెరిచాక ఒక కాగితం పట్టుకుని యాభై మందిని గమనించండి. లెక్కపెట్టాల్సింది ఎంతసేపు నిలబడ్డారన్నది కాదు. రెండోదాన్ని చూశాక మళ్లీ మొదటిదాని వైపు తల తిప్పారా లేదా. పదిమంది కూడా తిప్పలేదంటే ముందు దూరం, కోణం మార్చి మళ్లీ యాభై మందిని చూడండి. అప్పటికీ లాభం లేకపోతే లేబుల్ మార్చండి. అదీ పనిచేయకపోతే జత విడగొట్టి, పాతదాన్ని చీకటి స్టోరుకు పంపండి; దాని లక్స్-గంటలైనా మిగులుతాయి.